మూలుగ బొమిక

మంగళగిరి రోడ్డులో అద్దాల మేడ.
కారు పంపించారు నాకు,
నల్లచెరువు మూడో లైనులో మాంసం కొట్టే సిలార్‌కి,
శుక్రవారం, నమాజు అయ్యాక.
చొక్కా మార్చుకున్నా
గోళ్ల సందుల్లో వాసన నాతోపాటే కారెక్కింది.

తెల్లటి పళ్లెంలో నాలుగు ముక్కలు.
మేకమాంసమేనంట.
మేకని మాత్రం కొయ్యలేదంట.
"ఏ ముక్క ఇది? తొడా, జబ్బా, పక్కటెముకా?" అన్నాను.
డాక్టర్ మృదులమ్మ నవ్వలేదు, ఆలోచించింది.
"ముక్కంటూ ఏం లేదండీ. పెరిగింది, అంతే."
పెరిగింది, అంతే.
ఆ మాట నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాను.

గోడ మీద గీత ఒకటి కొండ దిగినట్టు దిగుతోంది.
నీళ్లు ఇన్ని మిగులుతాయి, పొగ ఇంత తగ్గుతుంది,
పదిహేనేళ్లకి సున్నా అన్నాడు టై కట్టిన కుర్రాడు.
సున్నా నాకు తెలుసు.
ఖాతా పుస్తకంలో బాకీ తీరినోడి పేరు పక్కన పెడతాను.
వీళ్లు ఎవరి పేరు పక్కన పెడుతున్నారో
అడుగుదామనుకునేలోపు కరెంటు పోయింది.
వెనకాల జనరేటర్లు మూడూ ఒక్కసారే దగ్గాయి.
డీజిల్ వాసన కిటికీ సందుల్లోంచి లోపలికొచ్చి
ఆ గీత కిందే కూర్చుంది.
ఎవరూ ఏమనలేదు.
నేనూ అనలేదు.

అనడానికి నాకేం నోరుంది?
ఆదివారం పదింటికి నా కొట్టు ముందు కాలవ
ఏ రంగులో పారుద్దో వీధి మొత్తానికి తెలుసు.
మా తాత నాటి చింతమొద్దు
మధ్యలో గిన్నెలా గుంటపడింది.
అరిగిన చెక్కంతా ఎటు పోయింది?
ఊరి కడుపులోకే, కైమాతో పాటు.
నా లెక్క నేను ఏ గోడ మీదా గీయలేదు,
అంతే తేడా.

కిందకి దిగితే పచ్చిక.
పచ్చికలో గుంజకి కట్టేసి బొల్లి మేక.
గుర్తుపట్టాను. వినుకొండ అంకారావు మందలోది,
పోయినేడు నా దొడ్లోంచే కొనుక్కుపోయారు.
తొడ మీద రూపాయి బిళ్లంత బోడి మచ్చ.
అక్కడ గిల్లిన కండే
పైన స్టీలు డ్రమ్ముల్లో టన్నుల లెక్కన పెరుగుతోందంట.
తనని తింటున్నారని తెలియక
తన మేత తను మేస్తోంది.
ఏం మేస్తోందనుకున్నారు?
పర్యావరణ దినం నాడు చైర్మన్ గారు నాటిన వేపమొక్క.
పేరు చెక్కిన రాయి మిగిలింది.
నన్ను చూసి ఒక్క అరుపు అరిచింది.
మేక నన్ను చూసి అరవడం కొత్తేం కాదు,
ఏడాది పోయాక అరవడమే కొత్త.

రుచి ఎట్టా ఉందో కాయితం నింపమన్నారు.
మెత్తగా ఉంది. అబద్ధమెందుకు, బావుంది.
కానీ, అని మొదలుపెట్టాను,
మా ఖాసింబీ తెల్లారకముందే వచ్చి
తలకాయలూ కాళ్లూ పట్టుకుపోద్ది.
కాలవగట్టున మంటేసి, వెంట్రుకలు కాల్చి, గీకి,
హోటళ్లకి వేసి ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది.
మీ మాంసానికి కాళ్లున్నాయా?
తోళ్ల ఏసుపాదానికి ఏం చెప్పమంటారు?
కాలిరిగి మంచాన పడ్డ కొడుక్కి
ఎముకల రసం కాయాలని క్యారేజీ తెచ్చుకునే
ఆటో కోటయ్యకి?
'వ్యర్థం సున్నా' అని పెద్దక్షరాలతో వేశారు.
మా వీధిలో వ్యర్థమంటే
కొందరి ఇంటద్దె.

కాయితంలో అంత చోటు లేదు.
గళ్లు ఐదే, చాలా బావుంది నుంచి బాలేదు దాకా.
రాసింది కొట్టేసి
మూడో గడిలో టిక్కు పెట్టి
కింద సన్నగా రాశాను: ఉప్పు తగ్గింది.

ఆదివారం. చీకటుండగానే మొదటి బేరం.
"సిలారూ, మూలుగ బొమికలు రెండు ఎక్కువెయ్యి,
మా ఆయనకి జొరం తగ్గింది."
కత్తి ఎత్తాను.
గాల్లోనే కాసేపు ఆగింది అది.
"ఏందయ్యా, చెయ్యి పట్టేసిందా?"
"లేదమ్మా," అన్నాను,
కొట్టాను.